లాగడం కన్నా ఆపడమే కష్టం: సూరత్ రోడ్ల మీద చిన్న పికప్, పెద్ద లారీ

గుజరాత్‌లోని సూరత్ నగరం బట్టల వ్యాపారానికి పెట్టింది పేరు. హైదరాబాద్ దుకాణాల్లోనూ, విజయవాడ వస్త్రలతలోనూ అమ్ముడయ్యే సింథటిక్ చీరల్లో చాలా భాగం అక్కడివే. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు ఎన్నో తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి మరమగ్గాల మీద నేసిన గుడ్డ రంగుల అద్దకం మిల్లులకు, అక్కడి నుంచి రింగ్ రోడ్డు మార్కెట్లకు, చివరికి పార్శిల్ గోదాములకు చేరాలి. ఈ ప్రయాణంలో ఎక్కువ భాగం చిన్న టెంపోలు, పికప్ వాహనాల మీదే సాగుతుంది. ఊరు దాటాక ఆ సరుకును పెద్ద లారీలు అందుకుంటాయి.

చిన్న పికప్ ఒక బరువును కదిలించగలిగితే దాన్ని ఊరు దాటించడానికి పెద్ద బండి ఎందుకు? వెనక ఒక ట్రైలర్ తగిలించి, రెండు ట్రిప్పుల సరుకు ఒకేసారి లాగిస్తే డీజిల్ కలిసిరాదా? సొంత బండి నడుపుకునే చాలామందికి వచ్చే ఆలోచనే ఇది. సమాధానం ఇంజిన్‌లో ఉందని మనం అనుకుంటాం. నిజానికి అది చాలావరకు బ్రేకుల్లో, చక్రాల మీద పడే బరువులో, ట్రైలర్ తగిలించే చోటులో ఉంది.

మోయడం వేరు, లాగడం వేరు

ముందుగా కొన్ని మాటలు తెలుసుకుందాం. బండి ఖాళీగా ఉన్నప్పుడు తూగేది ఖాళీ బరువు. సరుకుతో, మనుషులతో కలిపి గరిష్ఠంగా ఎంత తూగవచ్చో తయారీదారు నిర్ణయించేది మొత్తం బరువు. ఈ రెంటి తేడాయే మోత సామర్థ్యం. ఈ రెండు అంకెలూ బండి రిజిస్ట్రేషన్ పత్రంలో ఉంటాయి. 2005లో టాటా ఏస్ మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని మోత సామర్థ్యం 750 కిలోలు, ఇంజిన్ శక్తి 16 హార్స్ పవర్. ఉత్తర భారతంలో దాన్ని ముద్దుగా ఛోటా హాథీ, అంటే చిన్న ఏనుగు అని పిలుస్తారు.

లాగే సామర్థ్యం ఇంకో లెక్క. ఇక్కడ సరుకు బరువు బండి మీద కాకుండా చాలావరకు ట్రైలర్ చక్రాల మీదే ఉంటుంది. బండి దాన్ని ముందుకు లాగాలి, వంపుల్లో తిప్పాలి, అవసరమైనప్పుడు ఆపాలి. అందుకే మోసే బరువు కన్నా లాగే బరువు ఎక్కువగా ఉండే వీలుంది.

మన దేశంలో సరుకు రవాణా వాహనాలను మొత్తం బరువును బట్టి మూడు తరగతులుగా విభజించారు. 3.5 టన్నుల వరకు ఎన్1, అక్కడి నుంచి 12 టన్నుల వరకు ఎన్2, ఆపైన ఎన్3. పికప్‌లు ఎక్కువగా మొదటి తరగతిలోకి వస్తాయి. ట్రైలర్ లాగే పెద్ద వాహనాలు మూడో తరగతివి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువు పరిమితులను పెంచినప్పుడు, ట్రైలర్‌తో కలిపి ఒక వాహనం గరిష్ఠ బరువు 49 టన్నుల నుంచి 55 టన్నులకు పెరిగింది.

టన్నుకు ఎన్ని హార్స్ పవర్లు?

ఒక చిన్న లెక్క వేద్దాం. 75 హార్స్ పవర్ ఇంజిన్ ఉన్న పికప్ సరుకుతో కలిపి 3 టన్నులు తూగుతుందనుకుందాం. టన్నుకు 25 హార్స్ పవర్లు వచ్చాయి. 250 హార్స్ పవర్ ఇంజిన్‌తో 55 టన్నులు లాగే పెద్ద బండిలో టన్నుకు నాలుగున్నరే. అంటే బరువుతో పోల్చి చూస్తే పెద్ద బండి ఇంజిన్ చిన్నదాని కన్నా అయిదు రెట్లు బలహీనం!

సూరత్ జిల్లాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. బార్డోలి చుట్టుపక్కల తోటల నుంచి చెరకును చక్కెర ఫ్యాక్టరీకి చేర్చే వాహనాల్లో ట్రాక్టర్లు కూడా ఉంటాయి. మన పల్లెల్లో లాగే అక్కడా 50 హార్స్ పవర్ ట్రాక్టర్ తనకన్నా ఎన్నో రెట్లు బరువైన ట్రాలీని లాగుతుంది. 75 హార్స్ పవర్ పికప్‌ను ఆ పనికి ఎవరూ పెట్టరు. కాబట్టి లాగే పనిని నిర్ణయించేది హార్స్ పవర్ ఒక్కటే కాదు.

హార్స్ పవర్ అనేది పని ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే కొలత. చక్రాన్ని తిప్పే బలం టార్క్. గేర్లు ఇంజిన్ వేగాన్ని తగ్గించి, ఆ మేరకు టార్క్‌ను పెంచుతాయి. 200 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే పికప్ ఇంజిన్ కూడా మొదటి గేరులో, వెనక యాక్సిల్ పళ్ల చక్రాల సాయంతో, టైరు దగ్గర దాదాపు ఒక టన్ను బరువుకు సమానమైన బలాన్ని పుట్టించగలదు.

సమతలంగా ఉన్న తారు రోడ్డు మీద లారీ టైర్లు దొర్లడానికి కావలసిన బలం బండి బరువులో ఒక శాతానికి మించదు. 10 టన్నుల బండిని కదలనిస్తూ ఉండటానికి 100 కిలోల బలం చాలు. అందుకే ఆగిపోయిన బస్సును పదిమంది కలిసి తోయగలుగుతారు. తాపీ నది ఒండ్రు నేల మీద ఉన్న సూరత్ దాదాపు బల్లపరుపుగా ఉంటుంది. అక్కడ పికప్ మోయాల్సిన దానికి రెండింతలు ఎక్కించినా బండి కదులుతుంది. ఇంజిన్ పెద్దగా గొడవ చేయదు. ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. కదిలింది కాబట్టి ఫరవాలేదని మనం అనుకుంటాం.

ఘాట్ రోడ్డు మీద అసలు పరీక్ష

సూరత్ పక్కనున్న హజీరాలో మొదలయ్యే 53వ జాతీయ రహదారి నగరం దాటి తూర్పుగా సోన్‌గఢ్, నవాపూర్ మీదుగా మహారాష్ట్రలోకి వెళుతుంది. ధూళే చేరేలోపు కొండాయిబారి ఘాట్ ఎక్కి దిగాలి. సమతలం మీద కనిపించని తేడాలన్నీ ఇలాంటి చోట బయటపడతాయి.

నూరు మీటర్లకు 5 మీటర్లు ఎత్తు పెరిగే రోడ్డును ఊహించుకుందాం. అక్కడ గురుత్వాకర్షణ బండి బరువులో 5 శాతం బలంతో వెనక్కి లాగుతుంది. టైర్ల దొర్లుడు నిరోధం ఒక శాతం కలిపితే 6 శాతం. అంటే సమతలం మీద కన్నా ఆరు రెట్లు. 3 టన్నుల పికప్‌కు 3 టన్నుల ట్రైలర్ తగిలిస్తే మొత్తం 6 టన్నులకు 360 కిలోల బలం కావాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రాల దగ్గర సుమారు 52 హార్స్ పవర్లు అవసరం. 75 హార్స్ పవర్ ఇంజిన్ కష్టపడి అయినా ఆ పని చేస్తుంది. అయితే చాలాసేపు పూర్తి బలంతో నడవడం వల్ల ఇంజిన్, క్లచ్, గేరుబాక్సు బాగా వేడెక్కుతాయి. భారీ వాహనాల్లో పెద్ద రేడియేటర్లు, ఎక్కువ గేర్లు, మందమైన క్లచ్ పలకలు ఉండటానికి కారణం ఈ వేడే.

ఎక్కడం అయింది. ఇక దిగాలి.

35 లీటర్ల నీటిని మరిగించే వేడి

అదే 5 శాతం వాలు మీద 5 కిలోమీటర్లు దిగితే బండి 250 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. ఆ ఎత్తులో దాగి ఉన్న స్థితిశక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. బండి వేగం పెరగకూడదంటే అది వేడిగా మారక తప్పదు. 6 టన్నుల బండికి ఈ శక్తి సుమారు 147 లక్షల జౌళ్లు. టైర్లు అయిదో వంతు తీసుకున్నా మిగిలింది 118 లక్షల జౌళ్లు. 35 లీటర్ల చన్నీళ్లను మరిగే దాకా కాచడానికి ఈ వేడి సరిపోతుంది.

డ్రైవరు ఇదంతా కాలి బ్రేకు మీదే ఆపాడనుకుందాం. నాలుగు చక్రాల దగ్గరి బ్రేకు ఇనుము కలిపి 40 కిలోలుంటే, గాలికి చల్లారడాన్ని పక్కన పెట్టి చూస్తే, ఆ ఇనుము ఉష్ణోగ్రత దాదాపు 590 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. ట్రైలర్ లేకుండా 3 టన్నులతోనే దిగితే పెరుగుదల అందులో సగం. నిజంలో కొంత వేడిని గాలి తీసుకుపోతుంది కాబట్టి ఉష్ణోగ్రత అంతగా పెరగదు. అయినా బ్రేకు లైనింగ్ ఒక హద్దు దాటి వేడెక్కితే దాని రాపిడి తగ్గిపోతుంది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనింగ్‌కు దూరం జరుగుతుంది. బ్రేకు ద్రవం మరిగితే ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. డ్రైవరు ఎంత తొక్కినా బండి ఆగదు. బ్రేకులు ఫెయిలయ్యాయని పత్రికల్లో చదివే కొన్ని ప్రమాదాల వెనక విరిగిన భాగమేదీ ఉండకపోవచ్చు. మోయగలిగిన దానికన్నా ఎక్కువ వేడిని బ్రేకుల మీద మోపడమే కారణం కావచ్చు.

55 టన్నుల బండి ఇదే వాలు దిగితే వేడి తొమ్మిది రెట్లకు పైగా ఉంటుంది. అందుకే భారీ వాహనాలు కాలి బ్రేకు మీదే ఆధారపడవు. గాలి ఒత్తిడితో పనిచేసే పెద్ద డ్రమ్ములు ప్రతి యాక్సిల్‌కూ, ట్రైలర్ యాక్సిళ్లకు కూడా ఉంటాయి. వాటికి తోడు ఎగ్జాస్ట్ బ్రేకు ఇంజిన్ పొగ బయటికి పోయే దారిని మూసి, ఇంజిన్‌నే బండిని నిదానింపజేసే సాధనంగా మారుస్తుంది. బ్రేకు డ్రమ్ముకు చేరాల్సిన వేడిలో చాలా భాగాన్ని ఇంజిన్, రేడియేటర్ పంచుకుంటాయి. ఏ గేరులో ఘాట్ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటలో ఉన్న భౌతికశాస్త్రం కూడా ఇదే.

ట్రైలర్‌కు సొంత బ్రేకు లేకపోతే సమతలం మీదా ముప్పే. 2 టన్నుల పికప్ గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి గట్టిగా బ్రేకు వేస్తే సుమారు 23 మీటర్లలో ఆగుతుందనుకుందాం. వెనక బ్రేకులు లేని 2 టన్నుల ట్రైలర్ ఉంటే అవే బ్రేకులు రెట్టింపు బరువును ఆపాలి. ఆగే దూరం 46 మీటర్లవుతుంది. ఆ 23 మీటర్ల తేడాలో ఒక బడి పిల్లవాడు రోడ్డు దాటుతూ ఉండవచ్చు.

చక్రానికి పట్టు ఎక్కడిది?

ఇంజిన్ ఎంత బలం ఇచ్చినా, రోడ్డును పట్టుకుని ఉన్నంతవరకే టైరు దాన్ని వాడుకోగలదు. ఆ పట్టు ఇంజిన్ తిప్పే చక్రాల మీద ఉన్న బరువును బట్టి ఉంటుంది. ఖాళీ పికప్ వెనక యాక్సిల్ మీద 600 కిలోలు ఉన్నాయనుకుందాం. వాన కురిసిన రోడ్డు మీద రాపిడి గుణకం 0.4 అయితే దొరికే గరిష్ఠ బలం 240 కిలోలు. పికప్, ట్రైలర్ కలిసి 4.7 టన్నులుంటే 5 శాతం చడావు ఎక్కడానికి 282 కిలోలు కావాలి. చక్రాలు అక్కడే తిరుగుతాయి, బండి కదలదు.

ట్రాక్టర్ గెలిచేది ఇక్కడే. దాని బరువులో ఎక్కువ భాగం పెద్ద వెనక చక్రాల మీదే ఉంటుంది. పైగా దానికి వేగం అక్కర్లేదు. ఇదే కారణంగా అతి భారీ ట్రైలర్లను లాగే పుల్లర్ వాహనాల మీద కాంక్రీటు దిమ్మెలో, ఇనుప దిమ్మెలో పేరుస్తారు. చూసేవారికి అనవసరపు బరువులా కనిపించినా, చక్రానికి పట్టు ఇచ్చేది అదే.

తగిలించే చోటు

అధిక బరువున్న ట్రాలీని లాగేటప్పుడు ట్రాక్టర్ ముందు చక్రాలు నేల విడిచి లేవడం మనలో చాలామంది చూసిందే. పికప్‌లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. ట్రైలర్ కొక్కెం వెనక యాక్సిల్‌కు వెనక ఉంటుంది కాబట్టి బండి తులాదండంలా ప్రవర్తిస్తుంది. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య 3 మీటర్లు, కొక్కెం వెనక యాక్సిల్‌కు 1.2 మీటర్ల అవతల ఉందనుకుందాం. కొక్కెం మీద 300 కిలోలు పడితే వెనక యాక్సిల్ మీద 420 కిలోలు పెరుగుతాయి, ముందు యాక్సిల్ మీద 120 కిలోలు తగ్గుతాయి. స్టీరింగ్ తిప్పేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ ముందు చక్రాలే. అవి తేలికైతే రెండు పనులూ దెబ్బతింటాయి. వెనక కమాను పట్టీలు కుంగి, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి కొడతాయి.

అలాగని కొక్కెం మీద బరువే లేకుండా సరుకునంతా ట్రైలర్ వెనక భాగంలో పేర్చడం ఇంకా ప్రమాదం. అప్పుడు వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒక హద్దు దాటితే ఆ ఊపు ప్రతిసారీ పెరుగుతూ ముందు బండిని కూడా పక్కకు విసిరేస్తుంది. మామూలు కొక్కెంతో లాగేటప్పుడు ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఉండాలనే నియమం ఇందుకే పుట్టింది.

పెద్ద బండ్లు ఈ చిక్కును తగిలించే చోటు మార్చి తప్పించుకున్నాయి. వాటి ట్రైలర్ ముందు భాగం ఫిఫ్త్ వీల్ అనే పళ్లెం మీద కూర్చుంటుంది. ఆ పళ్లెం వెనక యాక్సిళ్లకు సరిగ్గా పైన లేదా కాస్త ముందుగా ఉంటుంది. ట్రైలర్ బరువు ముందు చక్రాలను లేపదు సరికదా, ఇంజిన్ తిప్పే చక్రాలకు పట్టు పెంచుతుంది. అమెరికాలో ఇళ్ల ముందు కనిపించే పికప్‌లలోనూ ఈ తేడా ఉంది. అక్కడి తేలిక తరగతి పికప్‌లు వెనక కొక్కెంతో 6 టన్నుల దాకా లాగగలవని కంపెనీలు ప్రకటిస్తాయి. భారీ తరగతి పికప్‌లలో కొన్ని, తొట్టి మధ్యలో యాక్సిల్ పైన తగిలించే గూస్‌నెక్ పద్ధతిలో, 16 టన్నులకు పైగా లాగుతాయి.

ప్రకటనలో అంకె, పరీక్షలో అంకె

ఆ అంకెలను ఎలా నమ్మాలి? ఒకప్పుడు అమెరికాలో ప్రతి కంపెనీ తనకు నచ్చిన పద్ధతిలో లెక్కవేసి అంకె ప్రకటించేది. 2008లో అక్కడి ఆటోమోటివ్ ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ, జే2807 అనే ఉమ్మడి పరీక్షా ప్రమాణాన్ని ప్రచురించింది. దాని ప్రకారం బండి ట్రైలర్‌తో సహా అరిజోనాలోని డేవిస్ డ్యామ్ దగ్గర దాదాపు 18 కిలోమీటర్ల చడావు ఎక్కాలి. ఎండ 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండాలి, ఏసీ పూర్తిగా వేసి ఉండాలి. వెనక ఒంటి చక్రాలున్న పికప్ వేగం గంటకు 64 కిలోమీటర్ల కన్నా తగ్గకూడదు. 12 శాతం వాలు మీద ఆగిన చోటు నుంచి పదేపదే కదలగలగాలి. ఆపడం, ఊగకుండా తిరగడం కూడా పరీక్షలో భాగాలే. ఈ ప్రమాణంలో ఇంజిన్ శక్తికి ప్రత్యేకంగా మార్కులు లేవు. వేడి, పట్టు, బ్రేకు, నిలకడ అన్నీ కలిసి నెగ్గితేనే అంకె.

హజీరా చెప్పే పాఠం

బరువు ఇంకా పెరిగితే ఏం చేస్తారో సూరత్ శివార్లలోని హజీరాలో చూడవచ్చు. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న అంతర్జాతీయ కేంద్రక సంలీన ప్రయోగశాల ఐటర్ కోసం, సుమారు 3,850 టన్నుల క్రయోస్టాట్ అనే భారీ ఉక్కు పాత్రను ఎల్ అండ్ టీ సంస్థ హజీరాలోనే తయారు చేసింది. దాన్ని 54 ముక్కలుగా చేసి సముద్రం మీద పంపారు. చివరి భాగాలకు 2020 జూన్ 30న వీడ్కోలు పలికారు. ఫ్రాన్స్ తీరం నుంచి ఐటర్ స్థలానికి ఉన్న 104 కిలోమీటర్ల దారిలో ఇలాంటి లోడ్ల కోసం 2013లో ఒక ప్రయోగాత్మక యాత్ర జరిపారు. 800 టన్నుల ఆ వాహనానికి 352 చక్రాలు. ఒక్కో చక్రం మీద పడిన బరువు లెక్కేస్తే రెండుంబావు టన్నుల చొప్పున వస్తుంది.

చక్రాల సంఖ్య పెంచడానికి కారణం రోడ్డు. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో జరిపిన ఆషో రోడ్డు పరీక్షలో ఒక ముఖ్యమైన విషయం తేలింది. యాక్సిల్ బరువు రెట్టింపయితే రోడ్డుకు జరిగే నష్టం రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. భారీ వాహనం అంటే ఎక్కువ బరువును ఎక్కువ చక్రాలకు పంచే వాహనం అని చెప్పుకోవచ్చు. కమాను పట్టీలు పెంచి, కొలతకు మించి సరుకు ఎక్కించిన పికప్ దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఏ పనికి ఏ బండి?

దీని అర్థం పెద్ద బండే ఎప్పుడూ మంచిదని కాదు. లింబాయత్ గల్లీ నుంచి అయిదారు వందల కిలోల గుడ్డ తానులు తీసుకెళ్లడానికి భారీ లారీ వాడితే, సరుకు కన్నా బండి సొంత బరువునే ఎక్కువగా మోయాల్సి వస్తుంది. డీజిల్ దండగ, సందుల్లో తిరగడమూ కష్టం. సమతలం, తక్కువ దూరం, తరచూ ఆగడం, మోత సామర్థ్యంలోపు సరుకు: ఇక్కడ చిన్న పికప్‌కు సాటి లేదు. ఘాట్లు, దూరాలు, గంటల తరబడి వేగం, ట్రైలర్: వీటిలో ఏ రెండు కలిసినా పెద్ద తరగతి వైపు చూడాలి.

చట్టం కూడా కొంత హద్దు గీసింది. 2019 సవరణ తర్వాత అధిక లోడుకు 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకూ మరో 2,000 రూపాయలు. అదనపు సరుకు దించేదాకా బండి కదలనివ్వరు. ఇక 7,500 కిలోల వరకు బరువున్న రవాణా వాహనాన్ని మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఉపాధికి అది మేలే. అయితే కారు నడిపిన కాలికి ఏడు టన్నుల బండి ఆగే దూరం అలవాటై ఉండదు.

బండి కొనేముందు, సరుకు ఎక్కించేముందు నాలుగు విషయాలు చూసుకుంటే చాలు. రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే ఎంత మిగిలింది? తయారీదారు ఈ బండితో ట్రైలర్ లాగవచ్చని పుస్తకంలో రాశాడా, రాస్తే ఎంత? ట్రైలర్‌కు సొంత బ్రేకులు, సొంత రిజిస్ట్రేషన్ ఉన్నాయా? వెళ్లే దారిలో ఎక్కువ దూరం దిగాల్సిన ఘాట్ ఉందా? లోడు ఎక్కించాక సందేహం మిగిలితే దారిలోని వేబ్రిడ్జి మీద ఒకసారి తూకం వేయించడం మంచిది. ఘాట్ మొదలయ్యేలోపు ఆ అంకె తెలిస్తే, బరువు దించే అవకాశం ఇంకా మన చేతిలోనే ఉంటుంది.